చత్వారానికి చదువుతో పనిలేదు

నలభైని సంస్కృతంలో చత్వారింశత్ అంటారు. మన చత్వారం ఆ మాటలోంచి పుట్టినదేనని పెద్దలు చెప్తారు. నలభయ్యేళ్ళు నిండేసరికి దగ్గరి వస్తువు మసకబారుతుందన్న సంగతిని మన పూర్వులు ఆ అవస్థ పేరులోనే పొదిగిపెట్టారన్నమాట. దానిని వ్యాధి అనడం కూడా సరికాదు. వయసుతోపాటు కంటిలోని కటకం మెత్తదనం కోల్పోయి గట్టిపడుతుంది; దగ్గరి వస్తువు కోసం తన ఆకారం మార్చుకోవలసిన వేళ మార్చుకోలేకపోతుంది. రాజుకైనా కూలికైనా, పండితుడికైనా నిరక్షరాస్యుడికైనా ఇది తప్పదు.

అయినా చత్వారం అనగానే మన మనసులో మెదిలే బొమ్మ ఎవరిది? ముక్కు చివరికి జారిన కళ్ళజోడుతో పత్రిక చదువుకునే కరణంగారిది, లేకపోతే బడిపంతులుగారిది. మిరపకల్లంలో గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరే ఆడమనిషి ఆ బొమ్మలోకి ఎన్నడూ రాదు. నా కోపమంతా ఆ బొమ్మ మీదనే.

గురజాల పరిసరాలలో పుట్టినవాళ్ళకు మిరపకల్లం గురించి చెప్పనక్కరలేదు. తక్కినవారి కోసం చెప్తాను. కోసిన కాయను కల్లంలో పరచి ఎండబెడతారు. ఎండిన తరువాత నిగనిగలాడే ఎర్రకాయను ఒకవైపు, రంగు వెలిసిన తాలుకాయను మరొకవైపు చేర్చాలి. గుంటూరు యార్డులో ఆ రెండింటి ధరలకూ పొంతనే ఉండదు. ఈ ఏరే పని దాదాపు అంతా ఆడవాళ్ళదే. పత్తి తీత కూడా అంతే. ఎండుటాకు నలుసు అంటకుండా కాయలోనుంచి పింజను లాగాలి, అదీ కిలోల లెక్కన కూలికి. ఈ రెండు పనులూ మూరెడు దూరంలో చేసేవి, చూపుతో చేసేవి. నలభై దాటిన కన్ను మొట్టమొదట మొరాయించేది సరిగ్గా ఆ మూరెడు దూరంలోనే.

నిరుడు మాఘమాసంలో మా బంధువుల కల్లానికి వెళ్ళాను. కాయలు ఏరుతున్నవారిలో ఒకామెకు యాభై ఏళ్ళుంటాయేమో. పిడికెడు కాయలు తీసుకోవడం, చేయి బారచాపడం, తల వెనక్కి వాల్చి చూడడం, వేరుచేయడం. పక్కనున్న పడుచుపిల్ల రెండు గంపలు నింపేలోగా ఆమెది ఒకటి నిండలేదు. ఏమిటమ్మా అని అడిగితే, "దగ్గర చూపు ఆనడంలేదయ్యా, దూరానిది బాగానే అగపడుద్ది" అన్నది. వైద్యశాస్త్రం చత్వారానికి ఇచ్చే నిర్వచనాన్ని ఇంత పొందికగా చెప్పినవారిని నేను చూడలేదు. "కళ్ళజోడు తెచ్చుకోకపోయావా?" అన్నాను. ఆమె మాట్లాడేలోగా మా బాబాయి అందుకున్నాడు: "దానికి కళ్ళజోడెందుకురా, చదవాలా రాయాలా?" అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నేను బాబాయి జేబులోని కళ్ళజోడు తీసి ఆమె చేతికిచ్చాను. పెట్టుకుని, అరచేతిలోని కాయలను చాలాసేపు చూసుకున్నది. తరువాత, "నిన్నటి గంపలో ఎన్ని తాలుకాయలు పోయినయ్యో ఏమో" అని గొణుక్కుంటూ గంప వైపు తిరిగింది. బాబాయి నవ్వు ఆగింది. ఆ తాలుకాయలు పోయినది ఆయన టిక్కీలలోనే మరి.

చదువు రానివారికి కళ్ళజోడు అక్కరలేదన్నది మా బాబాయి ఒక్కడి మాట అయితే నేను పట్టించుకునేవాణ్ణి కాను. చదువుకున్నవారి ఆలోచనా, ప్రభుత్వాల ఆలోచనా కూడా ఆ చుట్టూరానే తిరుగుతున్నాయి. చూపును అక్షరంతో ముడిపెట్టి, పనితో ముడిపెట్టడం మరిచాము. అస్సాం తేయాకు తోటలలో నలభై దాటిన 750 మంది కూలీల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చాయి. సగంమందికి దగ్గరిచూపు అద్దాలు వెంటనే ఇచ్చారు, తక్కినవారికి పరీక్ష ముగిసిన తరువాత ఇచ్చారు. అద్దాలు పెట్టుకున్నవారు కోసిన ఆకు, పెట్టుకోనివారితో పోల్చితే, సుమారు 22 శాతం అదనంగా పెరిగింది. తేయాకు మీద అక్షరాలేమీ ఉండవు! 2024లో బంగ్లాదేశ్ పల్లెలనుంచి మరొక పరిశోధన వెలువడింది. దగ్గరిచూపు అద్దాలు ఇచ్చిన ఎనిమిది నెలలకు, ఆ పేదల నెలసరి ఆదాయం అద్దాలు లేనివారికంటే మూడోవంతు అధికంగా ఉన్నది. కూలిరేటు పెంచమని ధర్నా చేస్తే ఏ రైతు, ఏ ప్రభుత్వం మూడోవంతు పెంచుతుంది?

ఇక ప్రభుత్వాల సంగతి. అంధత్వ నివారణకు దేశమంతటా వర్తించే కార్యక్రమాన్ని మన దేశం 1976లోనే మొదలుపెట్టింది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు ఆరంభమై, ఆ మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగాయి. 2023 జనవరిలో ఖమ్మంలో రెండవ విడత మొదలయింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే పేరుతో 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలుపెట్టి, ముందుగా బడిపిల్లలను, 2020 ఫిబ్రవరినుంచి అరవై దాటిన అవ్వాతాతలను చూశారు. ఇవి మంచి పనులు. చేసిన పార్టీ ఏదన్న వివాదం నాకు అనవసరం. నా అభ్యంతరాలు రెండే.

ఒకటి, మన రాష్ట్రం పెట్టుకున్న వరుస. బడిపిల్లలు ముందు, వృద్ధులు తరువాత. సరే. ఆ ఇద్దరికీ నడుమ నలభైనుంచి అరవై వరకు ఉన్నవారున్నారే, సంసారాన్ని భుజాన మోసే ఆ మనుషుల వంతు వెనక్కి పోయింది. మిరపకాయ ఏరేదీ, పత్తి తీసేదీ, పురుగుమందు సీసామీద చీమతలకాయంత అక్షరాలు చూసి పాళ్ళు కలిపేదీ, లారీ నడిపేదీ వాళ్ళే. పదేళ్ళ పిల్లవాడికి కళ్ళజోడు ఇస్తే ఫోటో బాగుంటుంది, అవ్వకు ఇచ్చినా బాగుంటుంది. నలభైఅయిదేళ్ళ కూలిమనిషికి ఇచ్చిన కళ్ళజోడు ఫోటోకు నిలవదు కాబోలు!

రెండవది ఇంతకంటే పెద్దది. కంటిపరీక్షను మనం జాతరలా చేస్తున్నాము. అయిదేళ్ళకో, పదేళ్ళకో ఒకసారి షామియానా వేస్తారు, డప్పు కొడతారు, వరుసలో నిలబెడతారు, కళ్ళజోళ్ళు పంచుతారు, ఎత్తేస్తారు. కన్ను ఒకసారి టీకా వేసి వదిలేసేది కాదు. చత్వారపు అద్దాలే రెండు మూడేళ్ళకొకసారి మారుతుంటాయి. 2019లో ఇచ్చిన అద్దం ఈనాటి కంటికి ఎట్లా సరిపోతుంది? పైగా శిబిరానికి వచ్చేవారెందరు? మదురై అరవింద్ ఆసుపత్రివారు తమ శిబిరాల సంగతిని తామే పరిశోధించుకుని 1999లో ప్రకటించిన లెక్క ఉన్నది. కంటిబాధ ఉన్న నూరుమంది గ్రామస్థులలో శిబిరానికి వచ్చినవారు ఏడుగురు. ఆ రోజుల్లో శిబిరాల నిర్వహణలో వారిని మించినవారు లేరు. వారికే ఏడుగురు! దాపరికం లేకుండా ఆ లెక్క చెప్పి, 2004నుంచి వారు ఊళ్ళలో స్థిరంగా ఉండే దృష్టికేంద్రాలు పెట్టడం మొదలుపెట్టారు.

మనకూ ఆ దారి తెలియనిది కాదు. గుంటూరు వైద్యకళాశాలలో చదివిన గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థను నెలకొల్పారు. సినీదర్శకుడు ఎల్.వి.ప్రసాద్‌గారు స్థలమూ, కోటి రూపాయలూ ఇస్తే వెలసిన సంస్థ అది. వారి వైద్యులు 1996నుంచి 2000 వరకు ఉమ్మడి రాష్ట్రంలో నాలుగు చోట్ల పదివేలమందికి పైగా ప్రజలను పరీక్షించారు. అంధులలో అరవై శాతం మంది కేవలం రెండు కారణాలవల్ల అంధులయ్యారని తేలింది: శుక్లం తీయించుకోకపోవడం, తగిన అద్దాలు లేకపోవడం. మళ్ళీ చదవండి. అద్దాలు లేక అంధులు! గాజుముక్క ఒకటి తెచ్చి ముందు పెడితే కనబడేవారిని మనం గుడ్డివారి లెక్కలో వేసి, జాలిపడి, మూల కూర్చోబెట్టాము.

అయితే అద్దాలతో ఆగిపోతే నేను కూడా మా బాబాయిలాగే సగమే చూసినవాణ్ణవుతాను. తిరునాళ్ళలో నూరు రూపాయలకో, నూటయాభైకో దొరికే దగ్గరిచూపు కళ్ళజోడును నేను తీసిపారేయను. ఏదీ లేనివారికి అది మేలే. కాని అది కొనుక్కుని "నా కంటిపని అయిపోయింది" అనుకోవడంలో ఎంత ప్రమాదమున్నదో మా మేనత్త కథ చెప్తుంది. ఇంటి విషయం రాయడం నాకు ఇష్టం లేదు; ఈ ఒక్కదానికీ రాయక తప్పదు.

మా మేనత్త తన యాభైలలో రెండుసార్లు శిబిరాలకు వెళ్ళింది. రెండుసార్లూ గోడమీది అక్షరాల వరసలు చూపించారు, టార్చిలైటు వేసి చూశారు, "శుక్లం లేదు, వెళ్ళమ్మా" అన్నారు. శుక్లం లేని మాట నిజమే. ఆ శిబిరాలు శుక్లాల కోసం పెట్టినవి, శుక్లాలనే వెతికాయి. ఆవిడ ఇంటికి వచ్చి, "నా కళ్ళు దివ్యంగా ఉన్నాయన్నార్రా" అని సంబరంగా చెప్పుకున్నది. నాలుగైదేళ్ళకు గడపలు తన్నుకోవడం, పక్కనుంచి వచ్చే సైకిలును గమనించకపోవడం మొదలైంది. వయసు మీద పడుతున్నదన్నాము. పరధ్యానమన్నాము. ఒకసారి పెళ్ళిలో వడ్డించేటప్పుడు పక్క విస్తరిని తొక్కితే అందరం విసుక్కున్నాము కూడా. చివరికి పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండవ కంటిలో గొట్టంలోనుంచి చూసినంత చూపు మిగిలింది. నీటికాసులు.

నీటికాసులనే ఈ రోగం చేసే మోసం ఏమిటంటే, చాలామందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. కంటిలోని ద్రవం సరిగా బయటికి పోక ఒత్తిడి పెరుగుతుంది, వెనుకనున్న దృష్టినాడి మెల్లమెల్లగా చచ్చిపోతుంది. (ఒత్తిడి మామూలుగానే ఉండి నాడి దెబ్బతినేవారూ ఉన్నారు. కనుక ఒత్తిడి ఒక్కటే కొలిస్తే చాలదు.) ముందు పోయేది పక్కచూపు. నడిమిచూపు ఆఖరువరకు నిలుస్తుంది కాబట్టి గోడమీది అక్షరాలన్నీ చదివి ఉత్తీర్ణులై ఇంటికి వస్తారు! పోయిన చూపు ఏ శస్త్రచికిత్సతోనూ తిరిగిరాదు. చుక్కల మందుతోనో, ఆపరేషనుతోనో ఉన్నదానిని కాపాడుకోగలము, అంతే. పైన చెప్పిన పరిశోధనలో హైదరాబాదు నగరంలోనే ఈ రకం నీటికాసులు బయటపడ్డవారిలో నూటికి తొంభైమందికి పైగా తమకు అది ఉన్నట్టే ఎరగరు. నగరంలో అట్లా ఉంటే గురజాలలో, మాచర్లలో ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. "కనబడుతూనే ఉన్నది కదా, పరీక్ష ఎందుకు?" అనే తర్కం మనకు ఎంతో తెలివైనదిగా తోస్తుంది. కనబడుతున్నప్పుడు చేస్తేనే పనికివచ్చే పరీక్ష ఇది!

మధుమేహానిదీ ఇదే తీరు. నేత్రపటలం మీది సన్నని రక్తనాళాలు చెడుతున్నా చూపు నిక్షేపంగా ఉంటుంది. ఒకనాడు నాళం చిట్లి నెత్తురు కమ్మేదాకా తెలియదు. చక్కెరజబ్బు ఉన్నవారు ఏడాదికొకసారి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని లోపలి పొరను చూపించుకోవాలి. చక్కెర మాత్రలు మానకుండా మింగే మా ఊరి పెద్దమనుషులలో ఎందరు ఈ పని చేశారు? నేను అడిగినవారిలో ఒక్కరు.

పిల్లల గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే వారి గురించి మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. మెల్లకన్ను అదృష్టమని మురిసిపోయే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మెల్లగా ఉన్న కంటిని మెదడు వాడడం మానేస్తే ఆ చూపు మందగిస్తుంది. ఏడెనిమిదేళ్ళలోపు సరిచేయకపోతే ఆ తరువాత కష్టం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ముప్పై రోజులలోపు నేత్రపటలాన్ని చూపించాలి. ఈ సంగతి కాన్పుచేసిన చోటనే చెప్పి పంపాలి. ఆడపిల్లకు కళ్ళజోడు పెడితే సంబంధాలు రావని, నల్లబల్ల కనబడని పిల్లను మూడేళ్ళు మొద్దు అనిపించిన తల్లిదండ్రులు నాకు తెలుసు. ఆ పిల్ల మొద్దు కాదని తేలింది. అప్పటికి బడి మానేసింది.

పల్నాటికి ప్రత్యేకమైన కంటిబాధలు కొన్ని ఉన్నాయి. అవి పాఠ్యపుస్తకాలలో కడపటి పుటలకు చేరతాయి కనుక ఇక్కడ రాస్తున్నాను. పిడుగురాళ్ళ అంటేనే సున్నం. సున్నపుబట్టీల దగ్గర పనిచేసేవారి కంటిలో సున్నం పడితే అది మంటతో పోదు, క్షారం కావడంవల్ల లోలోపలికి తినుకుంటూ పోతుంది. ఆ క్షణమే, ఆసుపత్రికి బయలుదేరడానికి ముందే, ధారగా అరగంటసేపు నీళ్ళు పోసి కడగాలి, రెప్పల కిందనున్న పలుకులు తీసివేయాలి. వక్కాకుకు పెట్టుకునే సున్నపు పొట్లాన్ని పిల్లలు నొక్కితే కంట్లో చిమ్మి చూపు పోయిన సందర్భాలు తెలుగునాట ఎన్నో. ఇక పొలాలలో ఆకు గీసుకుంటుంది, పత్తిమండ గుచ్చుకుంటుంది. ఆ గాయంలో బూజు చేరుతుంది. చనుబాలు పోస్తారు, ఆకుపసరు పిండుతారు, లేదా మందులషాపుకు పోయి "ఎర్రకన్ను చుక్కలు" అడుగుతారు. ఆ షాపువాడు ఇచ్చే సీసాలో స్టిరాయిడు ఉంటే ఎరుపు ఒక్కరోజులో తగ్గుతుంది, బూజు రెట్టింపు బలంతో కంటినల్లగుడ్డును తినేస్తుంది. మిగిలేది పువ్వు. మన ఊళ్ళలో కంట్లో పువ్వు ఉన్నవారిని చూసి "చిన్నప్పుడు అమ్మవారు పోసింది" అనడం అలవాటు. మసూచి దేశంనుంచి పోయి యాభై ఏళ్ళు కావస్తున్నది. ఈ కొత్త పువ్వులు ఎక్కడినుంచి వస్తున్నాయి?

మరొక మాట కూడా పాతుకుపోయింది: "శుక్లం ముదరనివ్వండి." కృత్రిమ కటకం అమర్చే పద్ధతి రాకముందు ఆ మాటకు ఒక అర్థం ఉండేది. ఇప్పుడు ముదిరిన శుక్లం తీయడమే కష్టం. పని చేసుకోవడానికి చూపు అడ్డమైన నాడే తీయించుకోవచ్చు. ముదిరేదాకా ఆగమని చెప్పే పెద్దలు, ఆ రెండేళ్ళూ ఆ మనిషి గోడ పట్టుకుని నడవడం గురించి ఏమంటారు?

ఎద్దును కొనడానికి సంతకు వెళ్ళిన మావాళ్ళను చూడాలి. పళ్ళు లెక్కపెడతారు, గిట్టలు ఎత్తి చూస్తారు, కంటి ముందు తువ్వాలు ఆడించి రెప్ప కొడుతున్నదో లేదో చూస్తారు. ఒక పక్కనుంచి, మళ్ళీ రెండవ పక్కనుంచి. నాయకురాలు నాగమ్మ కాలంనుంచి కోడిపందేలకు పేరుపడ్డ సీమ మాది. పుంజు కన్ను చూసి దాని సత్తువ చెప్పగలవారున్నారు. ఎద్దుకు జరిగే ఆ పక్కచూపు పరీక్ష మా మేనత్తకు రెండు శిబిరాలలోనూ జరగలేదు.

"కూలి మానుకుని ఎవరు పోతారండీ?" అని అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్న. అందుకే పోవలసినది మనిషి కాదు, పరీక్ష అని నా వాదన. మిరప కోతలకు ముందు, ఏటా అదే నెలలో, మండలంలోని ప్రతి ఊరికీ కంటిపరీక్ష చేసే మనిషి రావాలి. పిల్లలకు టీకాలు బుధవారం వేస్తారని నిరక్షరాస్యురాలైన తల్లికి కూడా తెలుసు. కంటికి అట్లాంటి రోజు ఒకటి ఉండాలి. నలభై నిండినవారికి అద్దాల బలం ఒక్కటే చూసి పంపకుండా, ఒత్తిడి కొలిచి, లోపలి నాడిని ఫోటో తీసి, అనుమానమున్నవారిని పేరు రాసుకుని నరసరావుపేటకో గుంటూరుకో పంపించి, వారు వెళ్ళారా లేదా అని మళ్ళీ కనుక్కోవాలి. ఈ చివరిది జరగకపోతే ముందు చేసినదంతా వృథా. ఇందుకు అవసరమైన యంత్రాలు పెద్ద సంచిలో పట్టేంతటివి వచ్చాయి. 2022లో జిల్లా విడిపోయి పల్నాడుకు తన కలెక్టరు, తన కార్యాలయాలు వచ్చాయి; గురజాల రెవెన్యూ డివిజను కేంద్రం. దగ్గరైన పాలన కంటిదాకా రావాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

నలభై దాటి డ్రైవింగు లైసెన్సు తీసుకునేవారు, పునరుద్ధరించుకునేవారు ఫారం 1ఏ మీద వైద్యుడి సంతకం తేవాలన్నది చట్టం. ఆ సంతకానికి ముందు మీ కన్ను ఎవరైనా చూశారా? నా కన్ను చూడలేదు. సంతకం పెట్టినాయన కూడా చత్వారపు అద్దాలు వెతుక్కుంటూనే పెట్టాడు.

నీటికాసులు ఉన్నవారి తోబుట్టువులకూ, బిడ్డలకూ అది వచ్చే అవకాశం తక్కినవారికంటే ఎక్కువని మా మేనత్తను చూసిన డాక్టరుగారు చెప్పారు. మా ఇంట్లో అట్లా చూపించుకోవలసినవాళ్ళు ఏడుగురున్నారు. ఇప్పటికి నలుగురు పరీక్ష చేయించుకున్నారు. ఒకరికి మొదటి దశలో ఉన్నదని తేలి రోజూ రాత్రి చుక్కలు వేసుకుంటున్నారు. మిగిలిన ముగ్గురిలో మా నాన్నగారు ఒకరు. అడిగినప్పుడల్లా "నాకు బాగానే కనబడుతున్నదిరా" అంటున్నారు. వచ్చే సోమవారానికి గుంటూరులో చీటీ రాయించాను. రానంటే ఈసారి మా మేనత్తనే ఆయన దగ్గరికి తీసుకుపోదామనుకుంటున్నాను.